ఫీలింగ్స్ అక్క నాలుగు వేళ్లు

ఆవిడ జ్ఞాపకార్థ కూడికలో సాంబారు అయిపోయింది. వడ్డించే అమ్మాయి గరిటెతో గిన్నె అడుగు గీకి, ఏమీ రాక, నా వైపు జాలిగా చూసి, "ఫీలవకండి ఆంటీ, సాంబార్ అయిపోయింది" అంది. హాలు నిండా జనం కళ్లు తుడుచుకుంటుంటే నేనొక్కదాన్నే కిసుక్కున నవ్వాను. పక్కనున్న మా అమ్మాయి షారోన్ మోచేత్తో పొడిచింది గానీ దాని పెదాలూ అదురుతూనే ఉన్నాయి.

ఆ ఒక్క మాట మీద ఆవిడ ఎన్నేళ్లు యుద్ధం చేసిందో ఆ హాల్లో మా ఇద్దరికే తెలుసు. ఆవిడ పోయి వారం తిరక్కముందే, ఆవిడ ఫొటో ముందే, పేపర్ ప్లేట్ చేతిలో పెట్టి ఆ మాటే అన్నారు. అమెరికాలోని మా ఆష్‌బర్న్ తెలుగు క్రైస్తవ సంఘంలో మనుషులు మారినంత తొందరగా మాటలు మారవు.

అంతకుముందే పాస్టర్ గారు వేదిక మీద, "మన సిస్టర్ ఏనాడూ ఎవరినీ నొప్పించి ఎరుగరు" అన్నారు. హాల్లో నాలుగైదు చోట్ల దగ్గు వినిపించింది.

ఆవిడ పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. ఎదురుగా అక్కా అనేవాళ్లం, పిల్లలు ఆంటీ అనేవాళ్లు, ఆవిడ అటు తిరిగాక అందరం కలిసి ఫీలింగ్స్ అక్క అనేవాళ్లం.

ఆవిడా నేనూ ఒకే ఎలిమెంటరీ స్కూల్ కెఫెటేరియాలో పనిచేశాం. తలకి వలటోపీ, చేతులకి తొడుగులు, ముందు ట్రేలు. నేను ఏడో తరగతి దాకా చదివిన మనిషిని. కారు తోలడం రాదు. మా ఆయన ఒకసారి నేర్పబోయి, నేను బ్రేకు అనుకుని ఇంకోటి తొక్కేసరికి, ఆ మధ్యాహ్నమే గురుపదవికి రాజీనామా చేశాడు. అందుకని పొద్దున్నా సాయంత్రం ఆవిడ కారే నాకు దిక్కు. ఆ కారు సీట్ల మీద బియ్యం సంచులు కుట్టి కప్పింది. కూర్చుంటే వీపు మీద బాస్మతి అక్షరాలు అచ్చుపడతాయేమోనని నాకు భయం.

మొదటిరోజు పని అయ్యాక, మన పద్ధతి ప్రకారం మర్యాదగా అడిగాను. "అక్కా, మీరు అటే వెళ్తున్నారా?"

"లేదు" అంది. అని కారులో కూర్చుని తలుపేసుకుంది. పోలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, ఎదురుగా ఉన్న చెత్తడబ్బాని చూస్తూ కూర్చుంది. నేను బయట నిలబడ్డాను. చలి. కాసేపటికి అద్దం దించింది.

"ఎంతసేపు నిలబడతావు అమ్మాయ్?"

"మీరు అటు వెళ్లట్లేదన్నారు కదక్కా."

"వెళ్లట్లేదు. నీకేం కావాల?"

"అంటే... మీకు వీలైతే... మీ ఇష్టం..."

"నా ఇష్టం ఇంటికెళ్లి పడుకోటం. నీకేం కావాలో అది చెప్పు."

"నన్ను ఇంటిదగ్గర దించుతారా?"

"ఎక్కు. ఈ ముక్కకి ఇంత చలిలో నిలబడ్డావు చూడు."

ఇదీ ఆవిడ మర్యాద. ఆవిడ ఇంటికి భోజనానికి వెళ్లినవాళ్ల కథలు ఇంకా ఘోరం. మనం ఏం చేస్తాం? ఇంకో గరిటె అంటే వద్దంటాం. రెండోసారి అడిగితే అయ్యో వద్దండీ అంటాం. మూడోసారి ప్లేటు ముందుకు జరుపుతాం. ఆవిడ దగ్గర రెండోసారే లేదు. వద్దంటే వద్దే. చేపలపులుసు గిన్నె మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేసేది. ఒకసారి పాస్టర్ గారు "చాలమ్మా" అన్నారని నిజంగానే చాలనుకుంది. ఆయన ఇంటికెళ్లి ఉప్మా చేయించుకున్నారని వాళ్లావిడే చెప్పింది.

ఇదంతా ఆవిడకి ఎక్కడ పట్టుకుందంటే, ఒక ఎలుగుబంటి దగ్గర.

మా కెఫెటేరియా గోడ మీద ఒక బొమ్మ ఉండేది. ఎర్ర చొక్కా తొడుక్కున్న ఎలుగుబంటి పిల్ల. దాని నోట్లోంచి వచ్చే మాటల బుడగలో, ఐ ఫీల్ అని ఒక గీత, వెన్ అని ఒక గీత, బికాజ్ ఐ నీడ్ అని ఒక గీత, విల్ యూ ప్లీజ్ అని ఒక గీత. చిన్నపిల్లలు కొట్టుకున్నప్పుడు టీచరు వాళ్లని దాని ముందు నిలబెట్టేది. వాళ్లు ముక్కు చీదుకుంటూ ఆ గీతల్లో మాటలు పూరించి చెప్పేవాళ్లు. అయిదు నిమిషాల్లో మళ్లీ చేతులు పట్టుకుని ఐస్‌క్రీమ్ దగ్గరికి పోయేవాళ్లు.

అక్క ట్రే తుడవడం ఆపి చూసేది. "మన సంఘంలో డెబ్బై ఏళ్లోళ్లు పదేళ్లుగా మాట్లాడుకోవట్లా. ఈ బుడ్డోళ్లు చూడు. తిట్లు లేవు, శాపాల్లేవు. తప్పు నీదీ అనే మాటే లేదు అందులో."

ఆవిడకి వచ్చిన ఇంగ్లిషులో తప్పుల్లేని వాక్యం అదొక్కటే. దాన్ని తెలుగులోకి దింపి, మాకు గుర్తుండాలని వేళ్లకి కట్టింది. చిటికెన వేలు, ఏం జరిగింది. ఉంగరం వేలు, నాకెలా ఉంది. మధ్యవేలు, నాకేం కావాలి. చూపుడువేలు, నిన్ను ఏం అడుగుతున్నాను. "మనం చూపుడువేలుతో మొదలెడతాం. అందుకే దాన్ని ఆఖరికి పెట్టా" అనేది. మధ్యవేలు ఒక్కటే లేపి చూపించొద్దని, ఇక్కడ అది బూతని స్కూల్లో ఎవరో చెవిలో చెప్పాక, అప్పట్నుంచి మూడు కలిపి లేపేది.

దాన్ని మొట్టమొదట ప్రయోగించింది మా సంఘం సెక్రటరీ గారి భార్య మీద.

మేము ఆరాధన చేసుకునేది తెల్లవాళ్ల చర్చిలో. వాళ్లు పొద్దున ముగించుకుని వెళ్లాక మధ్యాహ్నం మాకు అద్దెకిస్తారు. నెలకోసారి ఎవరింటినుంచి వాళ్లు వండి తెచ్చుకుని కలిసి తింటాం. ఆ ఆదివారం అక్క గుత్తివంకాయ తెచ్చి బల్ల మీద ముందు పెట్టింది. సెక్రటరీ గారి భార్య వచ్చి, దాన్ని నాలుగు గిన్నెల వెనక్కి నెట్టి, అక్కడ తన చికెన్ పెట్టింది. ఇలాంటివి మా సంఘంలో నెలకి పది జరుగుతాయి. ఇంటికెళ్లి భర్తలకి చెప్పుకుని ఏడుస్తాం, వాళ్లు ఊఁ అంటారు, అంతటితో అయిపోతుంది.

అక్క లేచి నిలబడింది. చిటికెన వేలు లేపింది.

"సిస్టర్, మీరు నా గిన్నె ఎనక్కి జరిపారు." ఉంగరం వేలు లేపింది. "నేను ఫీలయ్యాను."

మూడో వేలు దాకా వెళ్లనిస్తేగా!

"ఫీలయ్యారా? ఎందుకు ఫీలవుతారండీ? నేనేమన్నానని ఫీలవుతారు? గిన్నె జరిపితే ఫీలైపోతారా? అంటే నేను కావాలని చేశాననా? పాస్టర్ గారూ, ఒకసారి ఇటు రండి, ఈవిడ ఫీలైపోయారంట!"

ఆవిడ ఏడ్చింది. వాళ్లాయన వచ్చాడు. మా ఆయనతో సహా మగవాళ్లంతా ప్లేట్లు పట్టుకుని గోడవారకి జరిగారు. అక్క మిగిలిన రెండు వేళ్లూ మడుచుకునే నిలబడి, "నేను నిన్నేమీ అన్లేదమ్మా, నా ఫీలింగ్ చెప్పానంతే, ఆ ఎలుగుబంటి..." అంటోంది. ఎలుగుబంటి అనేసరికి సెక్రటరీ గారి భార్య తననే అంది అనుకుంది. ఆవిడ కొంచెం ఒళ్లున్న మనిషి. ఇంక చూసుకోండి.

పై ఆదివారం ప్రసంగం నాలుక గురించి. పాస్టర్ గారు నాలుకని కారుచిచ్చుతో పోల్చినప్పుడల్లా అందరూ వెనక వరసలోకి తిరిగి చూశారు. అక్క అక్కడే కూర్చుని బైబిల్లో వేలు పెట్టుకుని ఏదో లోతుగా ఆలోచిస్తోంది. పశ్చాత్తాపం అనుకున్నాం. కాదు.

రెండు వారాలు ఆలోచించి, ఒకరోజు ట్రేలు దొంతర పెడుతూ చెప్పింది.

"తప్పు ఎలుగుబంటిది కాదు అమ్మాయ్. దాని ఫీల్ వేరు, మన ఫీల్ వేరు. ఇంగ్లిషోడు ఫీలైతే తన ఒళ్లు తను తడుంకుంటాడు. మనోడు ఫీలైతే ఎదుటోడి చొక్కా పట్టుకుంటాడు. నేను ఫీలయ్యానంటే, నువ్వు తప్పు చేశావ్, రా, కాళ్లు పట్టుకో అని అర్థం. మొదటి ముక్కలోనే నింద పెట్టుకుని నింద లేకుండా మాట్లాడతన్నా అంటే ఎట్టా?"

"మరి ఏమనాలక్కా?"

"మన మాట మనకుందిగా. నాకు కోపం వచ్చింది. నాకు బాధేసింది. నాకు భయమేస్తంది. మన భాషలో ఇయ్యన్నీ వస్తాయే, చుట్టాలొచ్చినట్టు. చుట్టం గుమ్మంలోకొస్తే నిన్నెవరు పంపారని కొట్లాడతామా? కూకోబెట్టి మంచినీళ్లిస్తాం. 'నాకు' అని మొదలెట్టు, సగం గొడవ అక్కడే పోద్ది."

ఇంత కనిపెట్టిన మనిషి శాంతస్వరూపిణి అనుకునేరు. రోడ్డు మీద ఎవడైనా అడ్డం వస్తే రేపల్లె వైపు బూతులన్నీ వరసగా తిట్టి, ఆయాసం తీర్చుకుని, అప్పుడు ఉంగరం వేలు లేపి, "నాకు కోపంగా ఉంది" అనేది. ముందు బూతులు, తర్వాత వేళ్లు. బావగారిని, అంటే వాళ్లాయన్ని, "నాకు నీ మొహం చూస్తే ఒళ్లు మంటగా ఉంది" అని, చూడు, నాకుతోనే మొదలెట్టా అని నా వైపు తిరిగేది. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "నాకు ఆకలి అనే ఫీలింగ్ వచ్చింది. అన్నం అనే నీడ్ ఉంది. విల్ యూ ప్లీజ్" అనేవాడు. వాళ్ల ఇంట్లో రోజూ ఇదే తంతు.

నేను ఇవన్నీ విని నవ్వుకునేదాన్ని. ఇంటికెళ్లి మా ఆయనకి నాలుగు వేళ్లూ లేపి చూపిస్తూ అనుకరించేదాన్ని. నాదాకా వస్తుందని నేననుకోలేదు.

షారోన్ అప్పుడు పదకొండో తరగతి. ఒక సాయంత్రం నేను చపాతీలు వత్తుతుంటే వచ్చి స్టూల్ మీద కూర్చుంది. వచ్చీరాని తెలుగులో, నేలకేసి చూస్తూ చెప్పింది. "మమ్మీ, నాకు చాలా డేస్ నుంచి ఏడుపు వస్తుంది. ఎందుకో తెలీదు. స్కూల్‌లో కౌన్సిలర్‌తో మాట్లాడుతున్నా. నువ్వు ఎవరికీ చెప్పకు, ఓకే?"

చెప్పనన్నాను. పిండి చేతులతోనే తల నిమిరాను. చెప్పనని అన్నప్పుడు నిజంగానే చెప్పకూడదనే అనుకున్నాను.

మా సంఘానికి పొద్దున ఆరింటికి ప్రేయర్ లైన్ ఉంది. అందరం ఒకే నంబరుకి ఫోన్ చేసి కలుస్తాం. ఒక్కొక్కరం ప్రార్థన విన్నపాలు చెప్పుకుంటాం. ఆ లైన్లో ఇరవై నాలుగు గంటల వార్తల ఛానెల్‌కి తెలియని వార్తలు కూడా తెలుస్తాయి. కోడలి మీద కోపం ఉంటే కోడలికి మృదువైన నాలుక దయచేయమని ప్రార్థిస్తాం. పక్కింటివాళ్లు కొత్త ఇల్లు కొంటే వాళ్లని అతిశయం నుంచి తప్పించమని ప్రార్థిస్తాం. ఎవరినీ ఏమీ అనం. అన్నీ దేవుడితోనే అంటాం, నలభై కుటుంబాలు వింటుండగా.

మర్నాడు నా వంతు వచ్చింది. "మా షారోన్ కోసం ప్రార్థించండి. పిల్లకి మనసు బాగోలేదు. స్కూల్లో కౌన్సిలర్ దగ్గరికి వెళ్తోంది. గది తలుపేసుకుని కూర్చుంటుంది, ఫోన్ వదలదు, మా మాట వినదు. తల్లిదండ్రులకి లోబడని పిల్లలకి సమాధానం, నెమ్మది ఎక్కడుంటుంది? ప్రభువే దాని మనసు మార్చాలి" అన్నాను. ఆమెన్ అని నలభై గొంతులు పలికాయి. నా గుండె తేలికపడింది. దాని గుండె సంగతి నాకు తట్టలేదు.

మూడోరోజు స్కూల్లో, సెక్రటరీ గారి అబ్బాయి లాకర్ల దగ్గర అందరి ముందూ దాన్ని ఆపి, "ఆర్ యూ ఓకే? మా మమ్మీ నీ కోసం ఫాస్టింగ్ ఉంటోంది" అన్నాడట. పాపం, మంచి పిల్లాడు.

షారోన్ ఇంటికొచ్చి అరవలేదు. అరిచినా బాగుండేది. నా ముందు నుంచి మెట్లెక్కి వెళ్లి తలుపు మెల్లగా వేసుకుంది. ఆ రోజు నుంచి నాతో మాట మానేసింది. అన్నం ప్లేటు గదిలోకి తీసుకెళ్లేది, కడిగి తెచ్చి పెట్టేది. వాళ్ల నాన్నతో మాట్లాడేది. మా ఆయన పనిచేసేది కంప్యూటర్లు నిల్వచేసే గోడౌన్లో. అవి వేడెక్కకుండా చల్లగాలి కొట్టే యంత్రాలు చూసుకుంటాడు. లోకంలో మనుషులు ఫోన్లలో చెప్పుకునే మాటలన్నీ మా ఊరి గోడౌన్లలోనే దాస్తారని గొప్పగా చెప్తాడు. మా ఇంట్లో మాత్రం పదకొండు రోజులు తల్లికి ఒక్క మాట లేదు.

ఇంకో ఏడాదిన్నరలో అది కాలేజీకి వెళ్లిపోతుంది. వెళ్లేలోపు నోరు విప్పకపోతే ఇక జన్మలో నాకేమీ చెప్పదు. ఇది నాకు తెలుసు. తెలిసి నేను చేసిందేమిటంటే, వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టడం, దాని తలుపు బయట నిలబడి మా ఆయనతో, "కొంతమందికి కన్నతల్లి కంటే కౌన్సిలర్లు ఎక్కువ" అనడం.

పదకొండో రోజు సాయంత్రం స్కూల్ పార్కింగ్‌లో కారెక్కాను. అక్క తాళం తిప్పలేదు.

"పోనివ్వండక్కా."

"ప్రేయర్ లైన్లో నేను కూడా ఉన్నా ఆరోజు" అంది.

"అవును, మీరూ ఆమెన్ అన్నారుగా."

"అన్లా. మ్యూట్‌లో పెట్టుకుని నిన్ను తిట్టుకున్నా. దేవుణ్ణి మధ్యలో కూకోబెట్టి కూతుర్ని తిట్టావే. సెక్రటరీ గారి భార్య నా గిన్నే జరిపింది. నువ్వు పిల్ల గుట్టంతా బల్ల మీద పెట్టావ్."

నాకు రోషం వచ్చింది. "నా కూతురి బాగు కోరే చెప్పాను. మీకు పిల్లల్లేరు, మీకేం తెలుస్తుంది?"

అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. అక్క మొహం చెత్తడబ్బా వైపు తిప్పుకుంది. నన్ను దిగిపొమ్మంటుంది అనుకున్నాను. చిటికెన వేలు లేపింది.

"నాకు పిల్లల్లేరన్నావ్. నాకు నొప్పిగా ఉంది. నీతో స్నేహం పోకూడదు నాకు. ఇంకెప్పుడూ ఆ మాట అనబాక." అంది. నాలుగు వేళ్లూ అయిపోయాయి. నవ్వుకోవడానికి నేను అనుకరించే నాలుగు వేళ్లూ అవే. "సరే, ఇప్పుడు నీ పిల్ల సంగతి చూద్దాం. నేనే షారోన్ అనుకుని చెప్పు."

చెప్పాను. "నువ్వు మాట్లాడకపోతే నాకు చచ్చిపోవాలనిపిస్తోంది."

"అది ఫీలింగ్ కాదు, బెదిరింపు. ఇంకోటి."

"నిన్ను కన్నందుకు నాకు బాధగా ఉంది."

"అది శాపం."

"నువ్వు నన్ను మనిషిగా లెక్కచెయ్యట్లేదని నాకు అనిపిస్తోంది."

"చివర అనిపిస్తోందని తోక తగిలిస్తే తిట్టు ఫీలింగ్ అయిపోద్దా? పిల్ల సంగతి వదిలెయ్. నీ లోపల ఏం ఉంది? చుట్టం ఎవరొచ్చారు?"

పార్కింగ్‌లో మా కారొక్కటే మిగిలింది. నేను చేతి తొడుగులు ఇంకా తీయలేదు. వాటికేసి చూస్తుంటే, అడక్కుండానే ఆ మాట వచ్చేసింది.

"నాకు భయంగా ఉందక్కా."

ఆవిడ తాళం తిప్పింది. ఇంటిముందు దిగేటప్పుడు, "చూపుడువేలు మర్చిపోబాక" అంది.

వెళ్లి షారోన్ తలుపు తట్టాను. తీసింది గానీ అడ్డంగా నిలబడింది. నేను చెయ్యి ముందుకు పెట్టి వేళ్లు లెక్కపెట్టాను, వేరే దారి తెలియక.

"నువ్వు నన్ను నమ్మి చెప్పింది నేను ప్రేయర్ లైన్లో చెప్పేశాను. నాకు భయంగా ఉంది. నువ్వు ఇక నాకేమీ చెప్పవేమోనని. నాకు నీ సంగతులు తెలుస్తుండాలి..." అక్కడ ఆగిపోయాను. కళ్లల్లో నీళ్లు, చేతిలో మూడు వేళ్లు.

అది నా చేతికేసి చూసింది. "మమ్మీ, ఇది బేర్ పోస్టర్ కదా? నాకు సెకండ్ గ్రేడ్‌లో ఉండేది." కొంచెం ఆగి, "ఫోర్త్ ఒకటి ఉంటుంది. అడుగు" అంది.

"నాతో మాట్లాడతావా?"

"నాట్ టుడే" అంది.

ఇంత కష్టపడి నాలుగు వేళ్లూ లేపాక ఎదుటివాళ్లు కాదనొచ్చని అక్క నాకు చెప్పలేదు. మర్నాడు నిలదీస్తే, "కాదనడానికి వీల్లేకపోతే అది అడగటం ఎట్టా అవుద్ది, ఆర్డర్ అవుద్ది" అంది. ఈ సంగతి ముందే చెబితే నేను మొదలుపెట్టేదాన్ని కాదని ఆవిడకి తెలుసు.

కానీ షారోన్ తలుపు వేసే ముందు ఇంకో మాట అంది. "నా గురించి ఆ లైన్‌లో చెప్పావు కదా. నీ గురించి కూడా అక్కడే చెప్పు."

రెండు రోజులు నిద్రలేదు. మూడోరోజు పొద్దున ఆరింటికి నా వంతు వచ్చినప్పుడు కాగితం మీద రాసుకున్నది కూడా చదవలేకపోయాను. "నా కూతురు ఎవరికీ చెప్పొద్దన్న మాట మీ అందరికీ చెప్పాను. అది ప్రార్థన కాదు. నా భయానికి ప్రార్థన అని పేరు పెట్టి దాన్ని తిట్టాను. నాకు సిగ్గుగా ఉంది. దాని గురించి ఇక ఎవరూ ఏమీ అడగొద్దు. ఉపవాసం ఉన్నవాళ్లు దయచేసి టిఫిన్ తినండి" అన్నాను.

ఎవరూ ఆమెన్ అనలేదు. ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ వేసింది. అప్పుడు సెక్రటరీ గారి భార్య, ఎంతో ప్రేమగా, "అయ్యో సిస్టర్, మీరేం ఫీలవకండి" అంది.

వెంటనే ఇంకో గొంతు, అక్కది. "ఫీలవనివ్వండి సిస్టర్. మంచిదే."

ఆ రోజు పొద్దున్నే షారోన్ కిందికొచ్చి, "మమ్మీ, దోశ ఉందా?" అంది. ఆ మాటలో నాలుగు వేళ్లలో ఒక్కటీ లేదు. పెనం పొయ్యి మీద పెట్టాను. పొద్దున లైన్లో షారోన్ కూడా ఉందని తర్వాత తెలిసింది. నంబరు ఇచ్చింది ఎవరో చెప్పక్కర్లేదు కదా.

ఇదంతా నాలుగేళ్ల కిందటి మాట. పోయిన చలికాలంలో అక్కకి జబ్బు చేసింది. సంఘమంతా చూడడానికి వెళ్లింది. వెళ్లిన ప్రతివాళ్లూ అలవాటు ప్రకారం, "ఏం కావాలన్నా మొహమాటపడకండి, అడగండి" అన్నారు. ఆ మాట ఆవిడతో అనకూడదని ఇన్నేళ్లకైనా తెలియాలి కదా! మంచం మీద నుంచి చూపుడువేలు లేచేది. "బుధవారం వచ్చి మా బాత్రూం కడుగుతావా?" అని ఒకావిడని అడిగింది. ఆవిడ ఇంటికెళ్లి నడుం పట్టేసిందని మెసేజ్ పెట్టింది. సెక్రటరీ గారి భార్యని గుత్తివంకాయ చేసి తెమ్మంది. ఆవిడ తెచ్చింది. అక్క మంచం పక్క బల్ల మీద మందుసీసాలన్నీ వెనక్కి నెట్టి, గిన్నె ముందు పెట్టించుకుంది. ఇద్దరూ నవ్వారు. పదేళ్ల గొడవ అలా తెగింది.

పాస్టర్ గారు పరలోకం గురించి మొదలుపెడితే ఆపేసింది. "నాకు భయంగా ఉందయ్యగారూ. పరలోకం సంగతి ఎల్లాక చూసుకుంటా. ఓ పది నిమిషాలు నోరు మూసుకుని నా పక్కన కూకుంటారా?" అంది. ఆయన కూర్చున్నారు. ఆయన జీవితంలో అంత మంచి ప్రసంగం ఇంకోటి చెయ్యలేదని నా అభిప్రాయం.

నన్ను కాలిగోళ్లు తీయమంది. కాలేజీ నుంచి సెలవులకొచ్చిన షారోన్ నా చేతిలోంచి కత్తెర లాక్కుని, "నువ్వు ఏడుస్తున్నావు, కట్ అవుతుంది" అని తనే తీసింది.

జ్ఞాపకార్థ కూడిక అయ్యాక షారోన్, నేను కారులో కూర్చున్నాం. ఇంటికెళ్లాలని లేదు నాకు. ఇన్నేళ్లు ఇంత చదువు చెప్పించుకుని నా నోట్లోంచి వచ్చిందేమిటో వినండి. "నువ్వు ఇప్పుడు ఇంటికేనా వెళ్తున్నావు?" అన్నాను.

"లేదు" అంది షారోన్. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, ఎదురుగా చూస్తూ కూర్చుంది. తాళం తిప్పలేదు.

నాకు అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది.

"అక్క లేదు" అన్నాను. "నాకు ఏడుపొస్తోంది. ఇంట్లో మీ నాన్న కంగారుపడతాడు, అక్కడ ఏడవలేను. కాసేపు ఇక్కడే కూర్చుంటావా నాతో?"

షారోన్ సీట్ బెల్ట్ తీసేసింది. నేను మొదలుపెట్టాను. మర్యాదగా కాదు, మా ఊళ్లో ఏడ్చినట్టే ఏడ్చాను. ఖాళీ గిన్నెలతో అటుగా వెళ్తున్న సెక్రటరీ గారి భార్య ఆగి, అద్దం మీద తట్టింది. షారోన్ అద్దం దించింది.

"అయ్యో సిస్టర్, ఊరుకోండి. మరీ అంత ఫీలవకండి."

షారోన్ నా చెయ్యి వదలకుండానే అటు తిరిగి, తన అమెరికా యాసలో, "ఫీలవనివ్వండి ఆంటీ" అని అద్దం పైకెత్తేసింది.